రక్త క్యాన్సర్ ఉన్నవారికి వంశపారంపర్య జన్యు పరీక్ష: ఏ శాంపిల్, ఎప్పుడు, ఎవరికి

రొమ్ము క్యాన్సర్ వచ్చిన మనిషికి వంశపారంపర్య జన్యు పరీక్ష చేయాలంటే చేతి నుంచి 3, 4 మి.లీ. రక్తం తీసి పంపితే చాలు. ల్యుకేమియాకో (తెల్ల కణాల క్యాన్సర్) ఎండీఎస్‌కో (మూలుగ సరైన రక్త కణాలు తయారు చేయలేని, ల్యుకేమియాగా మారగల జబ్బు) అదే పని చేస్తే వచ్చే రిపోర్టు తప్పుదారి పట్టించవచ్చు. ఇక్కడ జబ్బు పడింది రక్తమే. ఆ ట్యూబులోని తెల్ల కణాల్లో చాలావరకు క్యాన్సర్ కణాలే ఉండవచ్చు. వాటిలో కనిపించిన జన్యు మార్పు అమ్మానాన్నల నుంచి వచ్చిందా, జబ్బుతో పాటు మూలుగలో కొత్తగా పుట్టిందా అన్నది ఆ ట్యూబు తేల్చలేదు.

తేలడం ఎందుకంత ముఖ్యమంటే, రక్త క్యాన్సర్‌లో చికిత్సే కుటుంబం మీద ఆధారపడుతుంది. మూలుగ మార్పిడికి ముందుగా చూసేది తోబుట్టువులనే. రోగిలో ఉన్నది పుట్టుకతో వచ్చిన మార్పయితే, ఇలాంటి జన్యువుల్లో చాలావాటికి అది తమ్ముడిలోనో చెల్లెలిలోనో ఉండే అవకాశం సగానికి సగం. హెచ్‌ఎల్‌ఏ (డోనర్ కణాలు రోగికి సరిపోతాయో చూసే గుర్తులు) కుదిరిందని, పైకి ఆరోగ్యంగా ఉన్నాడని ఆ తమ్ముడి కణాలే ఎక్కిస్తే అవి సరిగ్గా నాటుకోకపోవచ్చు, కౌంట్లు కోలుకోకపోవచ్చు, కొన్నేళ్లకు డోనర్ కణాల్లోంచే మళ్లీ ల్యుకేమియా రావచ్చు. డీడీఎక్స్41, సీఈబీపీఏ వంటి జన్యువుల విషయంలో ఇలా జరిగినట్టు వైద్య సాహిత్యంలో నమోదై ఉంది.

చేతిలో ఉన్న రిపోర్టులో ఏం చూడాలి

ఏఎంఎల్ (వేగంగా ముదిరే ఒక రకం ల్యుకేమియా) బయటపడగానే పెద్ద ఆసుపత్రుల్లో ఎన్‌జీఎస్ మైలాయిడ్ ప్యానెల్ (ఒకేసారి చాలా జన్యువులను చదివే పరీక్ష) పంపుతారు. "జీన్ టెస్ట్ అయిపోయింది కదా, ఇంకోటి ఎందుకు?" అని ఇంట్లోవాళ్లు అడిగేది దాని గురించే. అది జబ్బు కణాల పరీక్ష, ఏ మందు వాడాలో, జబ్బు ఎంత తీవ్రమో చెప్పడానికి చేసేది. వంశపారంపర్యం గురించి అది సూచన మాత్రం ఇస్తుంది. ఆ సూచనను పట్టుకోవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

రిపోర్టులో ప్రతి మార్పు పక్కన వీఏఎఫ్ అని ఒక శాతం ఉంటుంది. ఆ జన్యువు ప్రతుల్లో ఎన్నింట్లో మార్పు కనిపించిందో అది చెబుతుంది. పుట్టుకతో వచ్చిన మార్పు ఒంట్లోని ప్రతి కణంలోనూ, రెండు ప్రతుల్లో ఒకదాని మీద ఉంటుంది కాబట్టి అంకె 50 దగ్గర తిరుగుతుంది. వంశపారంపర్యంగా రక్త క్యాన్సర్‌కు దారితీసే జన్యువుల్లో 30 శాతం దాటి ఏదైనా కనిపిస్తే డాక్టరును అడగాలి. అయితే ఈ అంకెను నమ్మి తీర్పు చెప్పేయకూడదు. మూలుగ నిండా జబ్బే ఉంటే జబ్బుతో వచ్చిన మార్పు కూడా 45, 48 చూపిస్తుంది. మరోవైపు, ఎస్‌ఏఎండీ9, ఎస్‌ఏఎండీ9ఎల్ జన్యువుల్లో పుట్టుకతో మార్పు ఉన్న పిల్లల్లో ఆ జన్యువులుండే 7వ క్రోమోజోమే, అదీ మార్పు ఉన్న ప్రతే, మూలుగ కణాల్లోంచి రాలిపోతుంది. అప్పుడు పుట్టుకతో ఉన్నది కూడా 10 శాతమే కనిపించవచ్చు.

రెమిషన్ (చికిత్సతో జబ్బు కనపడకుండా పోవడం) వచ్చాక చేసిన ప్యానెల్‌ను పాతదాని పక్కన పెట్టి చూడండి. ఎన్‌పీఎం1, ఎఫ్‌ఎల్‌టీ3 జన్యువుల మార్పులు సున్నాకు పడిపోయి, రన్‌ఎక్స్1 జన్యువుది మాత్రం 49 దగ్గరే కదలకుండా ఉంటే అనుమానం గట్టిది. డీఎన్‌ఎంటీ3ఏ, టెట్2, ఏఎస్‌ఎక్స్‌ఎల్1 అలా నిలబడితే కంగారు పడనక్కర్లేదు. ల్యుకేమియాకు ముందునుంచే పెరుగుతూ వచ్చిన పాత కణాల గుంపు కీమోకు లొంగకుండా మిగిలిందన్నమాట, అది సాధారణంగా జరిగేదే.

రెండు తరహా ఫలితాలు మాత్రం చూడగానే గుర్తుపట్టాలి. డీడీఎక్స్41లో ఒక మార్పు 50 శాతం దగ్గర, అదే జన్యువులో ఆర్525హెచ్ అనే ఇంకో మార్పు తక్కువ శాతంలో, సాధారణంగా 20 లోపు కనిపిస్తే మొదటిది పుట్టుకతో వచ్చినదే కావడానికి చాలా అవకాశం ఉంది. సీఈబీపీఏలో రెండు మార్పులున్న ఏఎంఎల్‌లలో దాదాపు పదింట ఒకదానిలో ఒక మార్పు పుట్టుకతో వచ్చిందే, అదీ ఎక్కువగా జన్యువు మొదటి భాగంలో ఉన్నది.

ప్యానెల్‌లో ఏమీ రాలేదు కాబట్టి ఇక ఏమీ లేదనుకోవడమూ తప్పే. జబ్బు కోసం చేసిన ప్యానెల్‌లో కొన్ని జన్యువులు ఉండనే ఉండవు. కొన్ని ల్యాబుల సాఫ్ట్‌వేర్ పుట్టుకతో వచ్చినట్టు కనిపించే మార్పులను 'మామూలు తేడా' అని ముందే వడకట్టేస్తుంది.

ఎవరికి చేయించాలి

50 ఏళ్ల లోపు ఎండీఎస్ లేదా ఏఎంఎల్ వచ్చినవాళ్లు, పైన చెప్పినట్టు ప్యానెల్ అనుమానం రేపినవాళ్లు, ఒకే మనిషికి రెండు క్యాన్సర్లు వచ్చినవాళ్లు, వేరే క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ తీసుకున్నాక ల్యుకేమియా వచ్చినవాళ్లు, దగ్గరి బంధువుల్లో రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లు. పిల్లల్లో 7వ క్రోమోజోమ్ పోయిన ఎండీఎస్, హైపోడిప్లాయిడ్ ఏఎల్ఎల్ (లింఫోసైట్లలో పుట్టే, వేగంగా ముదిరే ల్యుకేమియా) అయితే తప్పనిసరి. తక్కువ క్రోమోజోములున్న ఆ ఏఎల్ఎల్ రకంలో కనిపించే టీపీ53 మార్పు పిల్లల్లో చాలాసార్లు పుట్టుకతో వచ్చిందే అవుతుంది. సీఎల్‌ఎల్ (నెమ్మదిగా ముదిరే ల్యుకేమియా) రోగి రక్తంలో అదే టీపీ53, ఏటీఎం కనిపిస్తే మాత్రం ఎక్కువగా జబ్బుదే. జన్యువు ఒక్కటే అయినా జబ్బును బట్టి అనుమానం మారుతుంది.

వయసును గీతలా పెట్టుకోవడం మాత్రం మంచిది కాదని మా అభిప్రాయం. పెద్దవాళ్లలో ఎక్కువగా దొరికే డీడీఎక్స్41 జబ్బు సాధారణంగా 60 దాటాకే బయటపడుతుంది, మగవాళ్లలో ఎక్కువ, కుటుంబంలో ఎవరికీ లేకపోవచ్చు. 67 ఏళ్ల రోగికి 62 ఏళ్ల తమ్ముడు డోనర్‌గా వస్తున్నాడంటే అడగాల్సిన ప్రశ్న అదే.

కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?" అంటే "లేదు" అనే జవాబే వస్తుంది. తాతలు, మేనమామలు, పెద్దమ్మలు, పిన్నులు, వాళ్ల పిల్లలు, ఇలా మూడు తరాలు ఒక్కొక్కరి పేరు రాసుకుని అడగాలి. క్యాన్సర్‌తో ఆగిపోకూడదు. ప్లేట్‌లెట్లు ఎప్పుడూ తక్కువేనా? మన దగ్గర ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ ఖాతాలో వేసేస్తారు. జ్వరం తగ్గి నెల దాటినా 80, 90 వేల దగ్గరే ఉండిపోయాయా అన్నది అసలు ప్రశ్న. ఐటీపీ (ఒంటి రోగనిరోధక శక్తే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) అని ఏళ్లతరబడి స్టెరాయిడ్ వాడినా పెరగనివాళ్లు, ప్లీహం తీయించుకున్నా మారనివాళ్లు ఉంటే రన్‌ఎక్స్1, ఏఎన్‌కేఆర్‌డీ26, ఈటీవీ6 జన్యువులు గుర్తుకు రావాలి. చిన్నప్పటినుంచి కాలు వాపు ఉంటే, కోస్తా జిల్లాల్లో దాన్ని బోదకాలు అనేస్తారు. ఆ వాపుతో పాటు చేతుల నిండా పులిపిర్లు, చెవుడు, మామూలు మందులకు లొంగని టీబీ లాంటి ఇన్ఫెక్షన్లు, రిపోర్టులో మోనోసైట్లు (ఒక రకం తెల్ల కణాలు) దాదాపు సున్నా ఉంటే గాటా2 జన్యువును అనుమానించాలి. ముప్పై రాకముందే జుట్టు నెరవడం, ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం, తాగుడు అలవాటు లేకుండానే సిర్రోసిస్ ఉంటే టెలోమియర్ (క్రోమోజోమ్ కొసలు కురచబడే) జబ్బులు. చేతి బొటనవేలు సరిగా లేకపోవడం, పొట్టిగా ఉండిపోవడం, ఒంటిమీద కాఫీ రంగు మచ్చలు ఉంటే ఫాంకోని అనీమియా (మూలుగ క్రమంగా పనిచేయడం మానేసే వంశపారంపర్య జబ్బు).

మేనరికాలు ఉన్న ఇళ్లలో ఫాంకోని వంటి జబ్బులకు ప్రత్యేకంగా చూడాలి. తల్లిదండ్రులిద్దరూ మార్పు మోసేవాళ్లయితే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. డోనర్‌గా అనుకున్న అక్కకు కూడా ఆ జబ్బు లోలోపల ఉండవచ్చు. దీనికి డీఎన్‌ఏ పరీక్షకు తోడు క్రోమోజోమ్ బ్రేకేజ్ పరీక్ష (క్రోమోజోములు ఎంత తేలిగ్గా విరుగుతాయో చూసేది) కావాలి. దానికి బతికి ఉన్న కణాలు కావాలి కాబట్టి పచ్చమూత హెపారిన్ ట్యూబు వాడాలి, ఊదామూత ఈడీటీఏ ట్యూబు పనికిరాదు. రక్తంలోని కొన్ని కణాలు తమంతట తాము లోపాన్ని సరిచేసుకోవడం వల్ల ఈ పరీక్ష మామూలుగా రావచ్చు. లక్షణాలు గట్టిగా ఉంటే చర్మ కణాల మీద మళ్లీ చేయాలి. రోగికి ఫాంకోని ఉందని తెలియకుండా మామూలు మోతాదు కీమో, రేడియేషన్‌తో మార్పిడికి సిద్ధం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మోతాదులు చాలా తగ్గించాలి.

చర్మం శాంపిల్

రక్తం పనికిరాదు. లాలాజలం? అందులోని డీఎన్‌ఏలో పెద్ద భాగం తెల్ల కణాలదే, పైగా ల్యుకేమియాలో చిగుళ్ల నుంచి రక్తం వస్తూ ఉంటుంది. బుగ్గ లోపల దూదిపుల్లతో తీసింది కాస్త నయం, అయినా కలుషితమే. గోళ్లు, కుదుళ్లతో పీకిన వెంట్రుకలు కొన్నిచోట్ల వాడతారు. డీఎన్‌ఏ తక్కువ వస్తుంది, కీమో మొదలయ్యాక వెంట్రుకలు దొరకవు, మార్పిడి అయినవాళ్ల గోళ్లలో డోనర్ డీఎన్‌ఏ కూడా కలుస్తుంది. నమ్మదగినది చర్మం నుంచి పెంచిన ఫైబ్రోబ్లాస్ట్ కణాల డీఎన్‌ఏ. చర్మం ముక్కను నేరుగా కరిగించి డీఎన్‌ఏ తీసినా అందులో రక్తం ఉంటుంది. కల్చర్‌లో (ల్యాబులో మీడియం అనే పోషక ద్రవంలో) పెంచితే ఫైబ్రోబ్లాస్టులు పాత్ర అడుగున అతుక్కుని పెరుగుతాయి, రక్త కణాలు అతుక్కోక, మీడియం మార్చిన ప్రతిసారీ కొట్టుకుపోతాయి. అందుకే అంత శ్రమ.

దీనికి వేరే రోజు అక్కర్లేదు. మూలుగ పరీక్షకు తుంటి ఎముక మీద ఎలాగూ మత్తు ఇస్తారు. అక్కడే 3 లేదా 4 మి.మీ. పంచ్‌తో (గుండ్రటి బ్లేడుతో) చర్మం ముక్క తీసేయవచ్చు. ముందు చర్మం, తర్వాత ఎముక సూది. వరస తిరగబడితే ముక్క మూలుగ రక్తంలో నానుతుంది. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. బెటాడిన్ వాడితే దాన్ని స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచేయాలి, అయోడిన్ మిగిలితే కణాలు పెరగవు. ముక్క కింది తెల్లటి పొర వరకూ రావాలి, ఫైబ్రోబ్లాస్టులు ఉండేది అక్కడే. పైపైన గీకితే కల్చర్ మొలకెత్తదు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే ఎక్కించాక చేసి, కాసేపు గట్టిగా అదిమిపట్టి, అవసరమైతే ఒక కుట్టు వేస్తారు.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా చెడేది డబ్బా దగ్గరే. ఆసుపత్రిలో చర్మం ముక్క అంటే చేయి అలవాటుగా ఫార్మలిన్ సీసా మీదికి పోతుంది. ఫార్మలిన్‌లో పడ్డ మరుక్షణం కణాలు చచ్చిపోతాయి, మళ్లీ తీయాల్సిందే. ల్యాబు నుంచి ముందురోజే స్టెరైల్ కల్చర్ మీడియం తెప్పించుకుని ఫ్రిజ్‌లో ఉంచాలి. అది సాధారణంగా ఎరుపు, గులాబీ మధ్య రంగులో తేటగా ఉంటుంది. పసుపు రంగుకు తిరిగినా, మసకబారినా బ్యాక్టీరియా పట్టినట్టే, వాడకూడదు. ముక్క వేశాక గది ఉష్ణోగ్రతలో ఉంచాలి, ఐసు తగలకూడదు, గడ్డకట్టకూడదు. మే నెలలో విజయవాడ నుంచో రాజమండ్రి నుంచో కొరియర్ చేస్తుంటే థర్మాకోల్ పెట్టె తప్పదు. 24 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 48 గంటల్లో ల్యాబులో దించాలి. శుక్రవారం సాయంత్రం, పండుగ ముందురోజు తీయకండి. ట్యూబు మీద పేరు, తేదీ, 'చర్మం, కల్చర్ కోసం' అని రాయాలి.

కణాలు పెరగడానికి 3 నుంచి 6 వారాలు, ఆ తర్వాత సీక్వెన్సింగ్‌కు (జన్యువులను చదవడానికి) మరికొన్ని వారాలు. కొన్ని కల్చర్లు పెరగవు, ఫంగస్ పట్టిపోతాయి. పెరిగితే ఒక భాగాన్ని గడ్డకట్టించి దాచమని ల్యాబును ముందే అడగండి, రెండోసారి అవసరమైతే రోగిని కోయనక్కర్లేదు. ఈ సదుపాయం అన్ని ల్యాబులకూ ఉండదు. సీక్వెన్సింగ్ చేసే చాలామంది "రక్తం పంపండి చాలు" అంటారు. కల్చర్ ఎవరు చేస్తారో తెలుసుకుని, అక్కడ తీసిన డీఎన్‌ఏను సీక్వెన్సింగ్ ల్యాబుకు పంపే ఏర్పాటు చేసుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలో జన్యు జబ్బుల నిర్ధారణ విభాగం ఉంది. దారి అడగడానికి అవి మంచి చోట్లు.

మూలుగ మార్పిడి అయిపోయిన మనిషి విషయం మరీ మెలికగా ఉంటుంది. ఆయన రక్తంలో ఉన్నది డోనర్ డీఎన్‌ఏ. రక్తం పంపితే రోగి పేరు మీద తమ్ముడి రిపోర్టు వస్తుంది. చర్మం కల్చర్ అప్పుడూ పనికొస్తుంది. మార్పిడి జరిగిన సంగతి ఫారం మీద పెద్దక్షరాలతో రాయాలి.

డోనర్ కోసం ఆగే టైము లేనప్పుడు

జబ్బు ఆరు వారాలు ఆగదు. అందుకే మొదటి మూలుగ పరీక్ష రోజే చర్మం తీసి పంపాలి అంటాం. కీమో మొదలుపెట్టడానికి ఈ రిపోర్టు అడ్డం రాకూడదు, రెండూ పక్కపక్కన నడుస్తాయి. మొదటి కీమో ముగిసి, మార్పిడి గురించి నిర్ణయించే వేళకు జవాబు చేతికి రావచ్చు.

చర్మం తీయలేదు, మార్పిడి దగ్గర పడింది అన్నప్పుడు ఒక అడ్డదారి ఉంది. రోగి ప్యానెల్‌లో అనుమానంగా కనిపించిన ఆ ఒక్క మార్పు కోసం డోనర్ రక్తాన్ని పరీక్షించడం. డోనర్‌కు జబ్బు లేదు కాబట్టి రక్తం సరిపోతుంది, ఒక్క మార్పుకు సాంగర్ పరీక్ష వారం, పది రోజుల్లో వస్తుంది. డోనర్‌లోనూ 50 శాతం దగ్గర అదే మార్పు ఉంటే, అది వంశపారంపర్యమనీ, ఆ డోనర్ పనికిరాడనీ ఒక్క దెబ్బకు తేలుతుంది. లేకపోతే ఆ మార్పు వరకూ ఆ డోనర్ ఫర్వాలేదు. రోగిది పుట్టుకతో వచ్చిందా కాదా అన్నది మాత్రం అప్పటికీ తేలనట్టే, మిగతా తోబుట్టువులకు ఆ జవాబు వర్తించదు. సగం మ్యాచ్ (హెచ్‌ఎల్‌ఏ సగమే కుదిరే) మార్పిడికి కొడుకునో కూతురినో అనుకుంటుంటే వాళ్లకూ ఇదే లెక్క. వయసులో చిన్నవాళ్లు కాబట్టి కౌంట్లు ఇప్పుడు బాగానే ఉంటాయి, ఆ ధీమా పనికిరాదు. ఇంట్లో ఎవరూ కుదరకపోతే దాత్రి వంటి రిజిస్ట్రీల్లో బయటి డోనర్‌ను వెతకాలి. దానికీ టైము పడుతుంది కాబట్టి రెండు వెతుకులాటలూ ఒకేసారి మొదలుపెట్టడం మంచిది.

డోనర్‌కు పరీక్ష అంటే అతని సొంత ఆరోగ్యం గురించి కూడా ఒక కబురు. రక్తం తీసేముందే అతనితో విడిగా మాట్లాడి ఒప్పుకోలు తీసుకోవాలి. "అన్నయ్య కోసం" అని చెప్పి తీసేసి, తర్వాత "నీకూ ఉంది" అనడం అన్యాయం.

ల్యాబును అడగాల్సినవి

ఏ జన్యువులున్నాయో జాబితా అడగండి. డీడీఎక్స్41 లేని ప్యానెల్ పెద్దవాళ్ల ఏఎంఎల్‌కు దండగ. ఏఎన్‌కేఆర్‌డీ26లో జబ్బు తెచ్చే మార్పులు జన్యువు ముందుభాగంలో, ప్రోటీన్‌గా మారని చోట ఉంటాయి. గాటా2లో కొన్ని ఇంట్రాన్ (జన్యువు మధ్యలో ప్రోటీన్‌గా మారని ముక్క) లోపల ఉంటాయి. ప్రోటీన్‌గా మారే ఎక్సాన్ భాగాలు మాత్రమే చదివే పరీక్ష రెండిటినీ దాటేస్తుంది. మొత్తం జన్యువో, దానిలో పెద్ద ముక్కో పోవడాన్ని పట్టే కాపీ నంబర్ విశ్లేషణ ఉందో లేదో కూడా అడగాలి. ఇంటికి పెట్టె పంపి లాలాజలం తెప్పించుకునే వ్యాపార కిట్ల జోలికి రక్త క్యాన్సర్ రోగి పోకూడదు.

ఫలితం అయిదు మెట్లలో వస్తుంది: జబ్బు తెచ్చేది, బహుశా తెచ్చేది, తెలియనిది, బహుశా హానిలేనిది, హానిలేనిది. మధ్యలో ఉన్నదాన్నే వీయూఎస్ అంటారు. భారతీయుల జన్యు సమాచారం అంతర్జాతీయ డేటాబేసుల్లో తక్కువ కాబట్టి మనవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. డీడీఎక్స్41లో ఐరోపావాళ్లలో తరచూ కనిపించే మార్పులు వేరు, ఆసియావాళ్లలో వేరు. వీయూఎస్ వచ్చిందని డోనర్‌ను తోసిపుచ్చకూడదు, పిల్లలకు పరీక్షలు చేయించకూడదు. అదే మార్పు కుటుంబంలో జబ్బు ఉన్న ఇంకొకరిలోనూ ఉందా అని చూడటం మాత్రం దాన్ని ఏదో ఒక వైపు తేల్చడానికి పనికొస్తుంది.

మిగతా కుటుంబం

జబ్బు తెచ్చే మార్పే అని తేలితే, తోబుట్టువులకు, పెద్దయిన పిల్లలకు ఆ ఒక్క మార్పు కోసం మామూలు రక్త పరీక్ష చాలు, ఖర్చూ తక్కువే. రిపోర్టు నకలు ఇవ్వకుండా "మా అన్నకు జీన్ ప్రాబ్లం ఉంది" అని నోటిమాటగా చెబితే ఎక్కడి ల్యాబూ ఏమీ చేయలేదు. జన్యువు పేరు, ట్రాన్‌స్క్రిప్ట్ నంబరు, మార్పు కోడ్ ఉన్న పేజీ ఫొటో తీసి అందరికీ పంపండి. డాలస్‌లో ఉన్న చెల్లెలు దాన్ని అక్కడి డాక్టరుకు చూపిస్తే సరిపోతుంది. అమెరికాలో 2008 నాటి గీనా చట్టం ఆరోగ్య బీమా, ఉద్యోగాల విషయంలో రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకు వర్తించదు. పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే ముందు అది చూసుకోవాలి. మన దేశంలో జన్యు జబ్బు అన్న కారణంతో ఆరోగ్య బీమా క్లెయిములు తోసిపుచ్చవద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018లో కంపెనీలను ఆదేశించింది.

పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు వస్తుందని అర్థం చేసుకోకూడదు. జన్యువును బట్టి తేడా చాలా ఉంది. సీఈబీపీఏ మొదటి భాగంలో మార్పు ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ వస్తుంది, రన్‌ఎక్స్1లో సగానికి తక్కువమందికి, డీడీఎక్స్41లో చాలామందికి రానే రాదు. ఎక్కువమందికి కావాల్సింది ఏడాదికి ఒకటి రెండుసార్లు సీబీపీ (రక్త కణాల లెక్క చూసే పరీక్ష), ఒక హెమటాలజిస్టు (రక్త వ్యాధుల డాక్టరు) పరిచయం. కౌంట్లలో మార్పు కనిపిస్తే మూలుగ పరీక్ష. పిల్లల విషయంలో, చిన్నతనంలోనే జబ్బు తెచ్చే ఫాంకోని, గాటా2, రన్‌ఎక్స్1, టీపీ53 అయితే వెంటనే చూడాలి. డీడీఎక్స్41 అయితే 18 నిండి, వాళ్లే నిర్ణయం తీసుకునే దాకా ఆగవచ్చు.

వీయూఎస్ వచ్చినవాళ్లు రిపోర్టును బీరువాలో పడేయకుండా రెండేళ్లకోసారి ల్యాబును తిరిగి చూడమని అడగాలి. ఆ రోజు తెలియనిది తర్వాత వచ్చిన సమాచారంతో హానిలేనిదని తేలవచ్చు, జబ్బు తెచ్చేదనీ తేలవచ్చు. ల్యాబు తనంతట తాను ఫోన్ చేసి చెప్పడం అరుదు. అడిగేటప్పుడు పాత రిపోర్టు నంబరు, శాంపిల్ చర్మమా రక్తమా అన్న వివరం దగ్గర ఉంచుకోండి.